రెసిపీ ఇవ్వండి, రుచి ఇవ్వకండి: పాతబస్తీ వంటింటికి పది చిట్కాలు

పాతబస్తీ గల్లీల్లో పళ్ళెం ఖాళీగా తిరగదు. రంజాన్ పండుగకు గోడ అవతలి నుంచి షీర్ ఖుర్మా వస్తుంది. లాల్‌దర్వాజ బోనాలకు గోడ ఇవతలి నుంచి బగారన్నం, మటన్ కూర పోతాయి. తిన్నవాళ్ళు వేళ్ళు నాకుతూ అడిగేది ఒకటే: "ఎట్ల చేసిన్రు?" మీ పరువంతా ఆ జవాబులోనే ఉంది. చెప్పనంటే పిసినారి అంటారు. ఉన్నదున్నట్టు చెబితే వచ్చే ఆదివారానికల్లా ఆ వంట అడిగినామెదైపోతుంది. 2019లో యునెస్కో మన హైదరాబాద్‌ను ఆహార రంగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ పేరులో మీ గల్లీ వాటా మొత్తం మీకే దక్కాలంటే ఈ పది చిట్కాలు తప్పకుండా పాటించండి.

1. అడగ్గానే ఒప్పుకోండి. ముఖం ముడుచుకుంటే అనుమానం వస్తుంది. "అయ్యో, దాంట్లేమున్నది భాభీ, అర్ధగంట పని" అని నవ్వుతూ చెప్పండి. ఆ అర్ధగంట మాట చాలా పని చేస్తుంది. ఆమె చుట్టాలను ఒంటిగంటకు భోజనానికి పిలిచి, పన్నెండున్నరకు పొయ్యి వెలిగిస్తుంది. చుట్టాలు మూడింటికి ఆకలితో మీ ఇంటి దిక్కు చూస్తారు. అప్పటికి మీ గిన్నె మూత తీసి ఉంచండి.

2. కొలతలు చెప్పకండి. "అందాజ" అన్నారంటే చాలు. ఉప్పు తగినంత, కారం మీ ఇంట్ల తినేటంత, నెయ్యి కంటికి నిండినంత అనండి. ఇంకా పట్టుబడితే గ్లాసుల్లో చెప్పండి, ఏ గ్లాసో మాత్రం చెప్పకండి. చాయ్ తాగేదీ గ్లాసే, లస్సీ తాగేదీ గ్లాసే. రేపు నిలదీసినా మీ మాటలో అబద్ధం దొరకదు.

3. ఒక్కటే దాచండి. రెండు దాస్తే దొరికిపోతారు. దాచేది రంగులో, వాసనలో పట్టుబడనిదై ఉండాలి. కచ్చే గోష్త్ బిర్యానీ సంగతి తీసుకోండి. పెరుగు, అల్లం ఎల్లిగడ్డ, వేయించిన ఉల్లిగడ్డ, పుదీన, పచ్చిమిర్చి, షాజీరా అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పండి. పచ్చి బొప్పాయి ముద్ద పేరు ఒక్కటి మాత్రం మింగేయండి. పచ్చి మాంసాన్ని మెత్తబరిచేది అదే. అది పడకపోతే పైన అన్నం అయిపోతుంది, అడుగున ముక్క మాత్రం పంటికి లొంగదు. బియ్యం గురించి అడిగితే "మంచిగ ఉడకనియ్యున్రి" అనండి. ముప్పావు ఉడుకు కాకముందే వార్చాలనీ, మిగతాది దమ్ములో ఆవిరి చూసుకుంటుందనీ మీకు తెలిస్తే చాలు. ఆమె అన్నం పూర్తిగా ఉడికించి, మూతకు గోధుమపిండి ముద్ద పెట్టి దమ్ము వేస్తుంది. మూత తీశాక ఆమెకు దొరికేది సంకటి.

4. పని తగ్గించే చిట్కాలు ధారాళంగా పంచండి. దీనికి మించిన దానం లేదు. బగారా బైంగన్ అడిగితే "పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి అన్నీ ఒక్కసారే పెద్ద మంట మీద వేయించెయ్యి వదినా, టైం మిగులుతది" అనండి. పల్లీ వేగేలోపు నువ్వు మాడుతుంది, పులుసంతా చేదెక్కుతుంది. ఖట్టీ దాల్ అడిగితే చింతపండు రసం పప్పుతో పాటే కుక్కర్లో పొయ్యమనండి. పులుపు తగిలిన కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా మెదగదు. ఖుబానీ కా మీఠాకు ఎండు ఖుబానీలను రాత్రంతా నానబెట్టడం పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయండి. మీరు మాత్రం పడుకునే ముందు నానేయడం మరవకండి.

5. సరుకు చెప్పండి, వాడే తీరు చెప్పకండి. నహారి రెసిపీకి ఇదే సరైన పద్ధతి. "మీర్ ఆలం మండికి పోయి పోట్లీ కా మసాలా తెచ్చుకో ఆపా" అని దారి కూడా చూపించండి. వట్టివేరు, చందనం, ఎండు గులాబీ రేకలు, రాతిపువ్వు అన్నీ దానిలో ఉంటాయని గొప్పగా వివరించండి. దాన్ని పల్చటి గుడ్డలో మూటగట్టి పాయా నీళ్ళలో వేయాలనీ, సారం దిగాక మూట తీసేయాలనీ అనకండి. ఆమె అంతా గుమ్మరిస్తుంది. ఇంటిల్లిపాదీ నోట్లోంచి వేళ్ళతో వేర్లు పీక్కుంటారు. పాపం, ఖర్చు పెట్టి మంచి సరుకే తెచ్చింది కదా, తప్పు మీ మీదికి రానే రాదు.

6. సాకులు ముందే వరుసపెట్టి ఉంచుకోండి. వంట చెడినామె మీ గడప తొక్కుతుంది. మొదట నీళ్ళ మీదికి తోయండి. 1908 మూసీ వరద తర్వాత కట్టించిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. గండిపేట అని పిలిచే ఆ చెరువు నీళ్ళ రుచే వేరని నగరమంతా నమ్ముతుంది కాబట్టి "మీకు ఆ నీళ్ళు వస్తలేవేమో" అనండి. అక్కడా తేలకపోతే పొయ్యి మీదికి తోయండి. గ్యాస్ మీద చేసినామెకు బొగ్గుల మంట కావాలని చెప్పండి. బొగ్గుల మీద చేసినామెకు కలాయి పూసిన రాగి డేగ్‌లో అయితేనే కుదురుతుందని చెప్పండి. రాగి డేగ్ కూడా ఉన్నామె తగిలితే చివరి బాణం తీయండి: "ఏం చేస్తం, హస్తవాసి." దీనికి ఇంతవరకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

7. హలీం ఇంట్లో వండకండి. గోధుమలు నానబెట్టి, మాంసంతో కలిపి గంటల తరబడి ఉడికించి, పెద్ద కర్ర ఘోట్నీతో దంచుతూనే ఉండాలి. శాలిబండ నుంచి మదీనా దాకా రంజాన్ నెలంతా భట్టీల మీద ఆ పని చేసే వస్తాదులు ఉండగా మీ చేతులకెందుకు కష్టం? 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వంటకం అది. ఇఫ్తార్ రద్దీకి ముందే కొని తెచ్చుకోండి. డబ్బాలోంచి మీ ఇత్తడి గిన్నెలోకి మార్చండి. పైన ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మచెక్క మీ చేత్తో పెట్టండి. పేరు అచ్చేసిన డబ్బాను మీ చెత్తలో వేయకండి, గల్లీ దాటించండి. వడ్డించేటప్పుడు కుడి భుజం నొక్కుకోండి. ఎవరైనా "అచ్చం హోటల్ది లెక్కనే ఉన్నది" అంటే తడబడకండి. "ఆళ్ళకు నేర్పింది మా తాతనే" అనండి.

8. రోలు కడిగి గుమ్మం దగ్గర తడిగా పెట్టండి. నూరక్కర్లేదు. ప్యాకెట్ అల్లం ఎల్లిగడ్డ ముద్దను పాత జాడీలోకి మార్చి, మూతకు కొంచెం పూసి వదలండి. వేయించిన ఉల్లిగడ్డ బిరిస్తా దుకాణంలో దొరుకుతుంది, అదీ కొనండి. ఒక ఉల్లిగడ్డ కోసి కళ్ళు ఎర్రబడే దాకా దగ్గర కూర్చుంటే పనైపోతుంది. ఆ కళ్ళతోనే తలుపు తీయండి. వచ్చినామె "ఎంత కష్టపడ్తున్నవమ్మా" అని మీ ఇంట్లో గిన్నెలు కూడా కడిగిపెట్టి పోతుంది.

9. నోట్‌బుక్కును ఎవరికీ అర్థం కాకుండా రాయండి. 1956లో మెట్రిక్ తూకాల చట్టం వచ్చింది. మీ నోట్‌బుక్కులోకి దాన్ని రానివ్వకండి. సేరు, పావుసేరు, ఛటాక్, తులం అనే రాయండి. ఇంకా మంచిది, ధరల్లో రాయండి: రెండణాల పుదీన, అర్ధణా కొత్తిమీర. సరుకుల పేర్లు తెలుగులో, తీరు ఉర్దూలో, మంట సంగతి గుర్తుల్లో పెట్టండి. ముఖ్యమైన లైను మీద పసుపు చేత్తో ఒకసారి గట్టిగా అద్దండి. అప్పుడు అడిగినవాళ్ళకు పుస్తకమే తెచ్చి చేతిలో పెట్టవచ్చు. ఫోటో తీసుకొమ్మని కూడా మీరే చెప్పండి. ఇంత ఉదారంగా ఇచ్చినామె ఇంకొకరు లేరని గల్లీ అంతా చెప్పుకుంటారు.

10. ఇంట్లో వాళ్ళకు అసలే నేర్పకండి. పక్కింటామెకంటే కూతురు ప్రమాదం, కూతురికంటే కోడలు ప్రమాదం. పోపు వేసే నిమిషానికి కూతుర్ని నిమ్మకాయలకు పంపండి. దమ్ము వేసే నిమిషానికి కోడలికి పుట్టింటి నుంచి ఫోన్ వచ్చేలా చూసుకోండి. బోనం రోజు బియ్యం, పాలు, బెల్లం వాళ్ళ చేతే మోయించి, కుండ పొయ్యి మీదికి ఎక్కగానే వంటింటి తలుపు వేసుకోండి. "నేనున్న గద, మీకెందుకు" అనే మాట రోజుకొకసారి అనండి. కొన్నేళ్ళకు వాళ్ళు అడగడం మానేస్తారు. ఆకలైతే ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుంటారు. అదే మీరు కోరుకున్న శాంతి.

ఈ పది చిట్కాలూ ఒక పదేళ్ళు నిష్ఠగా పాటించండి, ఫలితం కళ్ళారా చూస్తారు. గల్లీలో మీ లాంటి బిర్యానీ ఇంకెవరికీ రాదు, మీ కోడలికీ రాదు. మీ చేతికి వణుకు వచ్చిన రోజు నుంచి మీకు కూడా రాదు. ఇక పోటీయే లేదు. గోడ మీదుగా పళ్ళేలు రావడం ఆగిపోతుంది కాబట్టి తిరిగి నింపి పంపే ఖర్చూ ఉండదు. "ఎట్ల చేసిన్రు?" అని అడిగేవాళ్ళుండరు కాబట్టి జవాబు వెతుక్కునే శ్రమా ఉండదు. మీ మనవలకు ఆ వంటల పేర్లు మాత్రం తెలుస్తాయి. పేరు నిలవడమంటే ఇదే.

ఆలస్యం చేయకండి. ఈ రోజే నోట్‌బుక్కును బీరువాలో పెట్టి తాళం వేయండి. తాళంచెవిని ఎవరికీ దొరకని చోట దాచండి. ఎక్కడ దాచారో మీరు కూడా మరిచిపోతే, ఈ చిట్కాలన్నీ మీకు పూర్తిగా వంటబట్టినట్టే.