ఆఖరి ప్రశ్న

అత్తగారు గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నంతసేపూ సర్వే అమ్మాయి మరుగుదొడ్డి గురించి, గ్యాస్ పొయ్యి గురించి అడుగుతూనే ఉంది. ఆవిడ మనవణ్ణి తేవడానికి అంగన్‌వాడీకి బయల్దేరాక గానీ అసలు ప్రశ్నలు మొదలుపెట్టలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటి హింస గురించి అడిగేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండకూడదు. ఎవరైనా వస్తే మాట మార్చెయ్యాలి.

మంచి పద్ధతే. పోలీసు లెక్కలోకి ఎక్కాలంటే ఆడమనిషి స్టేషన్ మెట్లెక్కాలి, అక్కడ ఎవరో ఒకరు దాన్ని కాగితం మీద పెట్టాలి. సర్వేకు ఆ గొడవ లేదు, అదే ఇంటికొచ్చి అడుగుతుంది. అదీ హింస జరిగిందా అని కాదు. అలా అడిగితే అబ్బే, అదేం లేదనే అంటారు. ఒక్కొక్క దెబ్బ గురించి విడిగా అడుగుతుంది.

"మీ ఆయన ఎప్పుడైనా నెట్టారా అక్కా?"

"ఆ."

"జుట్టు పట్టి లాగారా?"

"ఆ."

"కాలితో తన్నారా?"

"మొన్న దసరాకు."

టాబ్లెట్‌లో దసరాకు గడి లేదు. 'గత 12 నెలల్లో అప్పుడప్పుడు' అన్నచోట వేలు పెట్టింది సర్వే అమ్మాయి.

అంతకుముందే ఇంకో ప్రశ్న అయిపోయింది. చెప్పకుండా బయటికెళ్తే, వంట సరిగ్గా చెయ్యకపోతే, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతే... ఇలా ఏడు కారణాలు చదివి, వీటికి భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, అత్తమామల కారణం దగ్గర ఈమె తలూపింది. ఈమె ఒక్కతే కాదు. 2019-21 సర్వేలో ఏదో ఒక కారణానికి సబబే అన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దెబ్బలు తినేవాళ్ల చేతే తీర్పు కూడా చెప్పిస్తున్నామన్నమాట!

ఇక ఆఖరి ప్రశ్న: ఈ సంగతి ఎవరికైనా చెప్పుకున్నారా? అదే 2019-21 సర్వేలో, దేశంలో హింసకు గురైన ఆడవాళ్లలో నూటికి 77 మంది సాయం అడగలేదు సరిగదా, అసలు ఎవరికీ చెప్పలేదు.

"పుట్టింటోళ్లకు?"

"లేదు."

"పోలీసులకు?"

ఆమెకు నవ్వొచ్చింది.

"పొద్దుగాల టిఫిన్ బాక్స్ కట్టి పంపేది ఆ స్టేషన్‌కే చెల్లె. మా సారు ఆడ రైటరు. కేసులు రాసేది ఆయ్ననే."