బకెట్టు వైద్యం

లేజర్ కటింగ్ మిషన్ కొన్నవాడికి ఎవరూ నేర్పకుండానే అబ్బే విద్య ఒకటుంది, వైద్యం. ట్యూబును చల్లబరిచే నీళ్ళలో పచ్చగా పాచి తేలిందంటే చాలు, చుట్టుపక్కల షాపులవాళ్ళంతా చేయి చూసి మందు చెప్పేస్తారు. ఒకరిది బ్లీచింగ్ పౌడర్, ఒకరిది గిన్నెలు తోమే లిక్విడ్, ఒకరిది కారు రేడియేటర్లో పోసే కూలెంట్, మరొకరిది వెనిగర్. ఎందుకైనా మంచిదని అన్నీ కలిపి పోసే ఉదారులూ లేకపోలేదు. బ్లీచింగూ వెనిగరూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది కాబట్టి, ఆ చికిత్సలో పాచికంటే ముందు వైద్యుడే పడకెక్కుతాడు. ఇంతమంది ఘనవైద్యుల్లో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటే: అసలు ఆ నీళ్ళకు అక్కడేం పని?

కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రూపొందించినవాడు మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. నేటి షాపుల్లోని గాజు ట్యూబు ఆ వంశానిదే. తిన్న కరెంటులో సుమారు పదో వంతే అది కాంతిగా తిరిగిస్తుంది, మిగతాదంతా వేడి. 60 వాట్ల ట్యూబంటే దాదాపు 500 వాట్ల వేడిని నీళ్ళు మోయాలి. 20 లీటర్ల బకెట్టులో నీళ్ళు మూడు నిమిషాలకో డిగ్రీ చొప్పున కాగుతాయి. ఇది ఒక పని. రెండోది ఎవరికీ పట్టనిది. ట్యూబులో పారేది వేల వోల్టుల కరెంటు, దానికీ నీళ్ళకూ మధ్య అడ్డం పలుచని గాజుగోడ. నీళ్ళలో ఉప్పులు ఎక్కువైతే ఆ వోల్టేజికి దొంగదారి దొరుకుతుంది. కాంతి బలహీనపడుతుంది, ముదిరితే ట్యూబే పోతుంది. అంటే ఈ నీళ్ళు వేడిని మోయాలి, కరెంటును మాత్రం మోయకూడదు.

ఇప్పుడు మందులను తూచి చూడండి. బ్లీచింగ్ పాచిని చంపుతుంది నిజమే, కానీ చంపి ఉప్పులను మిగులుస్తుంది, పంపులోని లోహాన్ని కొరుకుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం ఇదే. లిక్విడ్ నురగ కడుతుంది. బుడగ ట్యూబులో ఎక్కడ తిష్ఠ వేస్తే అక్కడ నీళ్ళు తగలవు, గాజు కాగి పగులుతుంది. కూలెంటు మంచు కురిసే దేశాల అవసరం. మే నెల రామగుండంలో నీళ్ళు గడ్డకడతాయని భయపడేవారు మాత్రమే దాన్ని వాడవచ్చు.

“మేం ఏమీ కలపం, తాగే నీళ్ళే పోస్తాం” అనేవారు కాస్త గర్వంగానే అంటారు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరులో 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలు ఉండవచ్చు, వేరే దారి లేకపోతే 2000 దాకా. మనిషి కడుపుకు అది చాలు. ట్యూబుకు మాత్రం ఆ నీళ్ళు కంటికి తేట, కరెంటుకు సముద్రం. దానికి కావలసింది లవణాలు లేని డిస్టిల్డ్ వాటర్. “డిస్టిల్డ్ వాటర్‌లోనూ పాచి పడుతుంది కదా” అన్న అభ్యంతరం న్యాయమైనదే. పడుతుంది, ఎందుకంటే దాన్ని పిలిచింది మనమే. తెల్ల బకెట్టు, కిటికీ పక్కన ఎండ, మూతలేని నోరు, గోరువెచ్చని నీళ్ళు: కొత్తల్లుడికి చేసే మర్యాదలన్నీ చేసి, చివర్లో విషం పెట్టడం మన పద్ధతి. ఇక “రెండేళ్ళుగా ఇలాగే నడుస్తోంది” అనే వాదం. ట్యూబు ఒక్కరోజులో చావదు, మెల్లగా మసకబారుతుంది. అప్పుడు లెన్సును తిడతారు, అద్దాలను తిడతారు, అక్రిలిక్ షీటు నకిలీదంటారు, చివరికి కరెంటు పెంచి ట్యూబు ఆయుష్షును మరింత తగ్గిస్తారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇంతకాలానికి వర్క్‌షాపుకెక్కింది.

ఖర్చు మాటా చెప్పుకుందాం. వేల రూపాయల ట్యూబు ముందు ఒక డబ్బా డిస్టిల్డ్ వాటర్ ధర లెక్కలోకే రాదు. బ్యాటరీల దుకాణంలో దొరికేదాన్ని కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో చూసి తీసుకోండి, అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. వెలుతురు చొరని బకెట్టులో పోసి, రంగు మారకముందే మార్చండి. పాచికి అసలు మందు మొదటినుంచీ షాపులోనే, ఓ మూల దుమ్ము పట్టి పడి ఉంది. దాని పేరు బకెట్టు మూత.