3 మిల్లీమీటర్ల గరిక

నా పని గడ్డి కోయడం. దుబాయిలోని ఒక గోల్ఫ్ మైదానంలో, జెండా పాతిన గుంత చుట్టూ ఉండే గ్రీన్‌ను దాదాపు 3 మిల్లీమీటర్ల ఎత్తు దాటనివ్వను. ఒంటి మీద రాతంతా ఇంగ్లీషే అయినా నాకు వచ్చింది తెలుగే. నన్ను తోసే అన్నది కోరుట్ల, బ్లేళ్లకు పదును పెట్టే తమ్ముడిది సిరిసిల్ల, ట్రాక్టరు నడిపే కాకది జగిత్యాల దగ్గర పల్లె. తెల్లారకముందే పని మొదలు. వాళ్ల ముచ్చట్లన్నీ నా నెత్తి మీదుగానే నడుస్తాయి.

కోరుట్ల అన్న వచ్చిన కొత్తలో వంగి పచ్చికను వేళ్లతో నిమిరి, "కాకా, గిది గరికనే గదా!" అని పడీ పడీ నవ్వాడు. సంకర రకమే అయినా ఆ వంశమే మరి. ఊళ్లో పసుపు చేనులోంచి పీకి గట్టు మీద పారేసినదానికే ఇక్కడ రోజూ నీళ్లు, ఎరువు, నాతో క్షవరం. సిరిసిల్ల తమ్ముడు సాంచల చప్పుడులో పెరిగినవాడు. నా రీలు తిరుగుతుంటే చెవితోనే పట్టేస్తాడు, ఏ అంచు మొద్దుబారిందో. ఆ తర్వాతే కాగితం పరీక్ష: రీలుకూ కింది పట్టీకీ నడుమ కాగితం పెడితే చిరగకుండా తెగాలి.

ఈ గ్రీన్ మీద జరిగే పెద్ద పోటీల్లో ఆడడానికి ఆటగాడికీ ఒక కాగితం కావాలని నాకు చాన్నాళ్లు తెలియదు. కాకే చెప్పాడు.

"టూరు కార్డంటరు. మన వీసా అసొంటిదే. దానికి క్యూ-స్కూలని పోటీ పెడతరు. యూరప్ టూరుదైతే మూడు మెట్లు. ఆఖరుది స్పెయిన్‌ల. ఆరు రోజులు, 108 గుంతలు. నాలుగు రోజులు కాంగనే సగం మందిని ఇంటికి తోలుతరు. మిగిలినోళ్లల్ల మొదటి 20 స్థానాలల్ల ఉన్నోళ్లకే కార్డు."

"ఎన్నేండ్లకు?"

"ఒక్క సీజనుకు. పాయింట్లు తక్కువ పడితే మళ్ల మొదటికే."

"ఓడితే కట్టిన ఫీజు?"

"వాపసు రాదు."

తమ్ముడు ఇక మాట్లాడలేదు. ఏజెంటుకు కట్టిన పైసలు గుర్తొచ్చి ఉంటాయి.

అమెరికా లెక్క వేరే. అక్కడి క్యూ-స్కూల్ 2013 నుంచి పదేళ్లు పీజీఏ టూరు కార్డును నేరుగా ఇవ్వలేదు, కింది టూరుకు మాత్రమే దారి చూపింది. 2023లో మళ్లీ మొదలుపెడితే దక్కింది మొదటి 5 స్థానాల వాళ్లకే. మన తీగల సాహిత్ ఈ నడిమి కాలంలోనే పైకొచ్చాడు. అమ్మానాన్నలది హైదరాబాదు, పుట్టింది కాలిఫోర్నియాలో. ప్రొఫెషనల్‌గా మారిన 2020లో కరోనా వల్ల క్యూ-స్కూలే జరగలేదు. 2021లో కింది టూరు వాళ్ల ఫైనల్స్ అని మూడు పోటీలు పెట్టి 25 కార్డులు పంచితే, అందులో ఒకటి పట్టాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. కాక ఫోనులో ఆ ఆట చూస్తుంటే అక్కడి గ్రీన్ కోతను నేనూ చూశాను. చారలు బాగానే దిద్దారు, ఒప్పుకోవాలి.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం ఓం ప్రకాశ్ చౌహాన్ కథ. మధ్యప్రదేశ్‌లోని మౌలో క్యాడీగా ఇతరుల బ్యాగులు మోసినవాడు. 2023లో పీజీటీఐ, అంటే మన దేశపు టూరు, ర్యాంకుల్లో మొదట నిలిచి యూరప్ కార్డు నేరుగా అందుకున్నాడు. స్పెయిన్ పోయి ఆరు రోజులు చెమటోడ్చే పని తప్పింది. పొద్దున లేచి గడ్డి తొక్కేవాళ్లలోంచి వచ్చాడు గనక మావాడే అనుకుంటాను.

ఈ కథ విన్నప్పటి నుంచి కోరుట్ల అన్నకు ఒకటే ఆలోచన. "కాకా, మా పోరనికి నేర్పిస్తే?"

"కోరుట్లల యాడ ఆడుతడురా? హైదరాబాదు పోవాలె. ఆడ ఏండ్లకేండ్లు ఆడి, పీజీటీఐ క్యూ-స్కూలుకు ఫీజు కట్టి, ముందు ప్రీ-క్వాలిఫయింగ్, అటెన్క ఫైనల్."

"ఫీజెంత?"

"గది తర్వాత. ముందుగాల ఎనిమిదో తరగతి కానియ్యి."