పాతది పీకి: ఒక సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ సూత్రం ఫోనులో పుట్టింది. సూత్రకారుడు మా అన్నయ్య కొడుకు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శ్రోతను నేను, తెనాలిలో ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పి రిటైరైనవాణ్ణి. సందర్భం మా ఇంటి కంప్యూటరు. 2013లో అసెంబుల్ చేయించిన డబ్బా. కొన్న కొత్తలో చురుగ్గానే ఉండేది. రానురాను, పొద్దున మీట నొక్కి, పెరట్లోకెళ్ళి నాలుగు మొక్కలకు నీళ్ళు పోసి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండే స్థితికి వచ్చింది. కొత్తది కొందామా అని అడిగితే “డబ్బాకేం రోగం లేదు, ఎస్ఎస్‌డీ వేస్తే పరుగెత్తుతుంది” అన్నాడు. ఎలా వేయాలిరా అన్నదానికి కింది వాక్యం చెప్పి, మీటింగ్ ఉందని పెట్టేశాడు. ఇది 2024 వేసవి మాట.

మూలం

“పాతది పీకి, కొత్తది పెట్టి, విండోస్ కొట్టెయ్ బాబాయ్. అంతే.”

ఎనిమిది మాటలు. ఆచరణలో పెట్టడానికి నాకు పట్టినవి తొమ్మిది రోజులు. మాటలు ఎంత తగ్గితే వ్యాఖ్యాతకు అంత పని. మెతుకుసీమలో పుట్టిన మల్లినాథసూరి మూలం దాటి ఒక్క మాట రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. నాకంత నిగ్రహం లేదని ముందే మనవి. ఆయన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష అని గంభీరమైన పేర్లు. నేను దీనికి ‘మరమేకు’ అని పెట్టుకున్నాను. మరమేకు అనగా స్క్రూ. ఆ పేరే ఎందుకో చివర తెలుస్తుంది.

ప్రతిపదార్థం

పాతది = పాత హార్డ్ డిస్కు. ఈ మాటలో కాస్త చులకన ధ్వనిస్తుంది, అది అన్యాయం. లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటాయి. అంటే సెకనుకు 120. వాటి మీద, తగిలీ తగలనంత ఎత్తులో, చదివే ముల్లు తేలుతుంటుంది. ఒక ముక్క కావాలంటే ముల్లు ముందు ఆ వలయం మీదికి జరగాలి, తర్వాత ఆ ముక్క తిరిగి తిరిగి తన కిందికి వచ్చేదాకా కాచుకోవాలి. సగటున సగం చుట్టు, అంటే నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. జరగడం కూడా కలిపితే పది దాటుతుంది. ఒక్క ముక్కకైతే లెక్కే కాదు. కానీ విండోస్ లేవాలంటే వేలాది చిన్నచిన్న ముక్కలు కావాలి, అవన్నీ తలో మూలా ఉంటాయి. ఐదొందల మంది కూర్చున్న పెళ్ళి పంక్తిలో ఒక్కడే వడ్డిస్తూ, విస్తరి విస్తరికీ పప్పు కోసం ఒకసారి, పచ్చడి కోసం ఒకసారి వంటపందిట్లోకి వెళ్ళొస్తున్నాడనుకోండి. వాడు సోమరి కాడు, పరుగెత్తుతూనే ఉన్నాడు. ఈ జాతి మూలపురుషుణ్ణి ఐబీఎం వారు 1956లో దించారు. రెండడుగుల వెడల్పున్న 50 పళ్ళేలు, దాదాపు టన్ను బరువు. పట్టేది 50 లక్షల అక్షరాలు, అంటే ఇవాళ ఫోనులో తీసిన ఒక్క ఫోటోకి సరి.

పీకి = ఊడదీసి. కలుపు పీకడం, పన్ను పీకడం, పీకి పందిరి వేయడం వంటి ప్రయోగాలన్నిటా బలవంతం ఉంది. ఇక్కడ మాత్రం సున్నితంగా అని అర్థం చెప్పుకోవాలి. ఇది క్త్వార్థకం. రెండు పనులకూ కర్త ఒకడే అయి, ఒకటి ముందూ ఒకటి వెనకా జరిగితే, ముందుదాన్ని చెప్పే రూపం. ‘తిని వెళ్ళాడు’ అంటే తినడం ముందు. కాబట్టి మాట వరస ప్రకారం ముందు పాతది పీకాలి, ఆ తర్వాతే కొత్తది పెట్టాలి.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాను. పాతదానిలో మా అమ్మాయి పెళ్ళి ఫోటోలున్నాయి, నేను పదేళ్ళుగా కొట్టుకున్న పాఠాలున్నాయి. దాన్ని పీకేస్తే అవి కొత్తదానిలోకి ఎలా వస్తాయి? మీమాంసకులు ఒక మాట చెబుతారు: చెప్పిన వరస కన్నా అర్థాన్ని బట్టి వచ్చే వరస బలమైనది. హోమం ముందు చెప్పి జావ కాచడం తర్వాత చెప్పినా, ఆ జావతోనే హోమం గనక జావే ముందు కాయాలి. అలాగే ఇక్కడ ‘పీకి’ అనేది చివర చేయవలసిన పని అని నిశ్చయించాను. మీమాంసకుల గురువు జైమిని అంతటివాడు అండగా ఉండగా అన్న కొడుకు మాట వరసతో ఏం పని అనుకున్నాను. ఈ నిర్ణయం సంగతి తర్వాత వస్తుంది.

కొత్తది = ఎస్ఎస్‌డీ, అనగా సాలిడ్ స్టేట్ డ్రైవ్. ఘనస్థితిలో ఉన్న డ్రైవు అని విగ్రహవాక్యం. అయితే లోపల తిరిగేది లేదు, తిప్పేది లేదు. నేతిబీరలో నెయ్యి ఎంతో ఇందులో డ్రైవు అంత. ఈ పేరు రూఢి వల్ల నిలిచింది. నల్లటి చిప్పల్లో ఎలక్ట్రాన్లను బంధించి, ఉంటే ఒక అర్థం, లేకుంటే ఒక అర్థం అని చదువుకోవడమే దీని విద్య. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ దీనికి మూలం. 1984లో దాన్ని లోకానికి చూపాడు, ఇవాళ డ్రైవుల్లో వాడే నాండ్ రకం 1987లో వచ్చింది. ఒక్క దెబ్బతో చెరిగిపోవడం చూసి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చిన సహోద్యోగి ఒకాయన ఆ పేరు సూచించాడట. కవులు పెట్టిన పేర్ల కన్నా నయం.

వడ్డన పోలికలోనే చెప్పాలంటే, ఇక్కడ ప్రతి విస్తరి పక్కనా ఒక గిన్నె ఉంది. అందుకే పెట్టె మీద అచ్చేసిన వేగం గురించి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. సెకనుకు 550 మెగాబైట్లని వేశారు. మా మదర్‌బోర్డు మీద డ్రైవును తగిలించే సాటా దారులన్నీ పాత 3 గిగాబిట్లవి. 6 గిగాబిట్ల దారి ఉంటే తప్ప ఆ వేగం రాదు, మాకొచ్చేది అందులో సగం. అయినా కంప్యూటరు లేవడంలో ఆ లోటు కంటికి కనబడదు. ఎందుకంటే మనం ఇన్నాళ్ళూ వేచి ఉన్నది మోసే వేగం కోసం కాదు, ముల్లు తిరిగి రావడం కోసం.

పెట్టి = బిగించి. ఈ రెండక్షరాల మీద ఒక పూట గడిచింది. పాత డిస్కు మూడున్నర అంగుళాలది, కొత్తది రెండున్నర. డబ్బాలో గూళ్ళన్నీ పెద్దవాడి కొలతకు కట్టినవి. మధ్యలో బ్రాకెట్ అనే రేకు ఉండాలి. వచ్చిన పెట్టెలో డ్రైవు, మడతపెట్టిన ఒక కాగితం తప్ప ఇంకేమీ లేవు. రేకు కోసం మళ్ళీ బజారుకి. ఇక్కడ ఒక రహస్యం చెబుతాను: లోపల కదిలేదేమీ లేదు గనక దీన్ని ఎలా పెట్టినా పనిచేస్తుంది. రెండువైపులా అంటుకునే టేపుతో డబ్బా గోడకు అతికించినా దానికేమీ బాధ లేదు. బాధ నాలాంటివాడికే. పద్యానికి గణాలు కుదరనట్టు రాత్రి నిద్ర పట్టదు.

పక్క రేకు ఊడదీయగానే మూలన మూడు బల్లి గుడ్లు. మా ఆవిడ వెంటనే పంచాంగం తీసింది. తల మీద పడితే ఇది, భుజం మీద పడితే అది అని ఉంది గానీ మదర్‌బోర్డు మీద పెడితే ఏమిటో ఏ సిద్ధాంతీ రాయలేదు. ఊడిన స్క్రూలు దొర్లిపోకుండా కుంకుమ భరిణె మూతలో వేయించింది కూడా ఆవిడే. లోపల చేయి పెట్టే ముందు ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా డబ్బా ఇనుమును ముట్టుకోమంటారు. ముట్టుకున్నాను. తెనాలి ఉక్కపోతలో చెమటతో తడిసిన మనిషికి ఆ భయం తక్కువే. ఇక వైర్లు రెండు: సన్నది సమాచారానికి, ఏడు పళ్ళు. వెడల్పుది కరెంటుకి, పదిహేను పళ్ళు. రెండిటి నోళ్ళకూ చివర చిన్న వంపు ఉంటుంది, ఒకవైపే దిగుతుంది. దిగకపోతే తిప్పి చూడాలి, తొయ్యకూడదు. మావాడింట్లో కంప్యూటరుకు ఈ తతంగమే లేదు. బబుల్‌గమ్ బద్దలాంటి ముక్క, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు, నేరుగా బోర్డులో గుచ్చి ఒకే ఒక్క స్క్రూ బిగిస్తే సరి. ‘పెట్టి’ అని వాడు అంత తేలిగ్గా అనడానికి కారణం అదే. సూత్రకారుడు తన బోర్డును చూసి చెప్పాడు, నా బోర్డును కాదు.

విండోస్ = కిటికీలు. ఇంగ్లీషులో బహువచనం, తెలుగులో ఏకవచనం. ‘విండోస్ వచ్చింది’ అంటాం గానీ వచ్చాయి అనం. 10 వేశాను, అప్పటికి దానికింకా ఆయుర్దాయం ఉంది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ దాని ఆలనాపాలనా చాలించింది. 11 మా ప్రాసెసరు వయసు చూసి గడప దాటి రానంటోంది.

కొట్టెయ్ = ఎక్కించు. తెలుగులో కొట్టు ధాతువుకు ఉన్నన్ని అర్థాలు కామధేనువుకు కూడా ఉండవు. టెంకాయ కొడతాం, డప్పు కొడతాం, గోడకు సున్నం కొడతాం, ఫోన్ కొడతాం, ఫార్మాట్ కొడతాం. ‘కొట్టేయడం’ అంటే దొంగిలించడం కూడా. ఈ వ్యాఖ్యాత లైసెన్సు ఉన్నవాడు గనక ఇక్కడ ఆ అర్థం చెప్పరాదు. 8 జీబీకి తగ్గని పెన్‌డ్రైవులో ముందే విండోస్ నింపుకొని, కంప్యూటరు లేస్తుండగా ఒక మీట నొక్కి, అందులోంచి లేపాలి. ఆ మీట విషయంలో పాఠాంతరాలు మెండు: ఎఫ్ 8 అని కొందరు, ఎఫ్ 11 అని కొందరు, ఎఫ్ 12 అని మరికొందరు. బోర్డు చేసినవారి సంప్రదాయాన్ని బట్టి చదువుకోవాలి. మా ప్రతిలో ఎఫ్ 11.

శంక: పాత విండోస్‌నే యథాతథంగా కొత్తదానిలోకి ఎక్కించరాదా? సమాధానం: ఎక్కించవచ్చు, క్లోనింగ్ అంటారు, పట్టినంత చోటుంటే చాలు. కానీ పదకొండేళ్ళ చెత్త కూడా దాంతో వస్తుంది. ఇల్లు మారుతూ చెత్తబుట్టను కూడా లారీ ఎక్కించినట్టు.

శంక: పాతదానికి చేసినట్టు దీనికీ అప్పుడప్పుడు డీఫ్రాగ్ చేయాలా? సమాధానం: వద్దు. ఇది పలక లాంటిది, అయితే వింత పలక. రాసేటప్పుడు కొద్దికొద్దిగా రాయవచ్చు, చెరిపేటప్పుడు మాత్రం పలకంతా తుడవాలి. ఒక్కో పలకా ఇన్నిసార్లే తుడుపుడుకు ఆగుతుంది. అందుకని లోపలి గుమాస్తా దిద్దిన అక్షరాన్ని వేరే పలక మీద రాసి, పాతది చెల్లదని గుర్తు పెట్టుకుంటాడు, పలకలన్నీ సమంగా అరిగేలా వంతులు వేస్తాడు. ఏ అక్షరాలు మనకిక అక్కర్లేదో విండోస్ అతడికి చెప్పడమే ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఆ మర్యాద ఉంది. ఎక్కడి ముక్కైనా ఒకే వేగంతో అందే చోట ముక్కలన్నిటినీ వరసలో పేర్చడమంటే పలకల్ని ఊరికే అరగదీయడం.

బాబాయ్ = సంబోధన. క్రియ అయిపోయాక వచ్చింది. పని చెప్పడం అయిపోయిందనీ, ఫోను పెట్టేయబోతున్నాననీ ధ్వని.

అంతే = అంత + ఏ. ఈ ఏకారం అవధారణార్థకం, ఇంకేమీ లేదని తేల్చేది. నా సందేహమంతా దీని మీదే ఉండేది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మీద రెండు డ్రైవులు కనిపించాయి. సున్నా నంబరుది 931.5 జీబీ, ఒకటో నంబరుది 465.8. కొన్నది 500 కదా అని గాభరా వద్దు. అమ్మేవాడు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో. చిన్నదాన్ని చూపి ‘నెక్స్ట్’ నొక్కాను. అరగంటలో కొత్త విండోస్ వచ్చింది. మీట నొక్కి నీళ్ళ చెంబు అందుకునేలోపు తెర సిద్ధం. ఎనిమిది రోజులు రాజభోగం. ఫోటోలు, పాఠాలు కొత్తదానిలోకి చేర్చుకున్నాను. పాతది ఇంకా లోపల గుర్రుమంటూనే ఉంది. తొమ్మిదో రోజు, జావ కాగింది గనక హోమం చేద్దామని పాత డిస్కు వైర్లు రెండూ పీకి మీట నొక్కాను.

నల్లటి తెర. తెల్లటి అక్షరాలు. రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్.

హైదరాబాదుకి ఫోన్ కొట్టాను. అంతా విని వాడు ఒకటే అడిగాడు: “విండోస్ కొట్టేటప్పుడు పాతది పీకలేదా బాబాయ్?”

విషయమేమిటంటే, విండోస్ తన సంసారమంతా కొత్తదానిలోనే పెట్టింది. తాళంచెవి మాత్రం, అంటే కంప్యూటరును నిద్రలేపే బూట్ ఫైళ్ళు, అప్పటికే అలాంటి చోటున్న పాత డిస్కులో పెట్టుకుంది. రెండూ తగిలించి ఉన్నన్నాళ్ళు తేడా తెలియలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొత్తది ఒక్కటే ఉంటే తాళంచెవి ఇంకెక్కడికి పోతుంది? ఫోటోలంటావా, అయ్యాక పాతదాన్ని మళ్ళీ తగిలించి ఎక్కించుకోవచ్చుగా అన్నాడు. జైమిని తప్పు చెప్పలేదు. వండవలసిన జావ ఏదో గుర్తుపట్టలేకపోయింది నేను.

ఇంకా సిగ్గుపడవలసిన సంగతి మరొకటి. క్త్వార్థకమైన ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి నియమం. ముప్ఫయ్యేళ్ళు పిల్లల చేత వల్లె వేయించాను. ‘పీకి’ తర్వాత కలపకూడదు! తర్వాత వచ్చింది హల్లు, ఇక్కడ అచ్చుసంధికి ప్రసక్తే లేదని పండితులు అడ్డుపడవచ్చు. పడనివ్వండి, నల్లతెర ముందు కూర్చున్నది వాళ్ళు కాదు.

“నేను మొదట అన్నమాటే అది కదా బాబాయ్” అని వాడు మీటింగులోకి వెళ్ళిపోయాడు.

పాతది పీకే ఉంది. పెన్‌డ్రైవు పెట్టి, ఎఫ్ 11 నొక్కి, ఉన్న ఒక్క డ్రైవునూ శుభ్రంగా తుడిచి మళ్ళీ కొట్టాను. ఇరవై అయిదు నిమిషాలు. తర్వాత పాతదాన్ని తగిలించి ఫోటోలు తెచ్చుకుని, దాన్ని పాత తువాలులో చుట్టి బీరువాలో పెట్టాను. రేకు మూసి అన్నీ బిగించాక చూస్తే కుంకుమ భరిణె మూతలో ఒక మరమేకు మిగిలి ఉంది. దానికి ఏ పదంతో అన్వయమో ఇప్పటికీ తేలలేదు.