ప్రాక్సీ సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం: “మామా లేవలే. నీ గళ్లచొక్కా నేనేసుకొస్తా. ఫస్ట్ అవర్ ప్రాక్సీ వెయ్. రికార్డు తే. చాయ్ నాది.”

అవతారిక: ఇంజనీరింగ్ మొదటి ఏడాది రెండో సెమిస్టర్ చదువుతున్న హాస్టల్ విద్యార్థి ఒకడు ఉదయం 9.12కి పక్కగది మిత్రుడికి పంపిన వాట్సాప్ సందేశమిది. కాలేజీ హైదరాబాదు శివారులోది, జేఎన్‌టీయూహెచ్ అనుబంధం. మొదటి పీరియడ్ తొమ్మిదిన్నరకు. ప్రక్రియను బట్టి చూస్తే ఇది సందేశకావ్యమే. కాకపోతే సందేశకావ్యంలో దూత నాయకుడి మాటను మోసుకెళ్లి నాయికకు చెబితే చాలు. ఇక్కడ దూత నాయకుడి గొంతునే మోసుకెళ్లి లెక్చరర్‌కు వినిపించాలి. మేఘసందేశానికి ‘సంజీవని’ రాసిన మల్లినాథసూరి మెదక్ ప్రాంతపు కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆయన ముందే మాటిచ్చి వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. ఈ టీక ఆ మాటలో మొదటి సగానికే కట్టుబడుతుంది.

మామా = ఓ మిత్రుడా. మేనరికంతో సంబంధం లేదు. కాలేజీలో సీనియర్ అన్న, ముక్కూమొహం తెలియనివాడు బ్రో, అప్పు ఇవ్వగలవాడు మామ. ఈ పిలుపు వినబడగానే వెనక ఒక పని వస్తోందని శ్రోత గ్రహిస్తాడు.

లేవలే = నిద్ర లేవలేదు. తెలంగాణ వాడుక. ఇక్కడ పూర్వపక్షం: లేవనివాడు టైపు ఎలా చేశాడు? చేశాడంటే లేచినట్టే కదా? సమాధానం: హాస్టల్ పరిభాషలో లేవడమంటే కళ్లు తెరవడం కాదు, కాళ్లు నేలకానించడం. వేదాంతులు జాగ్రత్, స్వప్న, సుషుప్తులని మూడవస్థలు చెప్పి, వాటికి అవతలిదాన్ని తురీయమన్నారు. దుప్పటి ముసుగులో ఒక కన్ను మూసి రెండో కంటితో ఫోన్ చూసే స్థితి ఈ నాలుగింటిలోనూ ఇమడదు. రాత్రి రెండింటిదాకా సాగిన గేమ్ దీనికి ప్రధాన కారణం. మెస్ బోర్డు మీద ‘ఉప్మా’ అని రాసి ఉండటం సహకారి కారణం. పూరీ ఉన్న రోజున ఇదే విద్యార్థి అలారం మోగకముందే క్యూలో ఉంటాడు కనుక నిద్రను మరీ తప్పుపట్టనక్కర్లేదు.

నీ గళ్లచొక్కా = నీవు కొన్న గళ్లచొక్కా. ‘నీ’ అనే షష్ఠి కొన్నవాడెవరో మాత్రమే చెబుతుంది. తొడిగేవాడెవరో దాన్నిబట్టి తేలదు. ‘నేనేసుకొస్తా’ అన్నది అనుమతి అడగడం కాదు, ఆచూకీ చెప్పడం. చొక్కా గత గురువారం నుంచి ఇతని గదిలోనే ఉంది.

ఈ చొక్కాకు గుండీలు పెట్టరు. లోపల నల్ల టీషర్టు, పైన బార్లా తెరిచిన చొక్కా, మోచేతి దాకా మడిచిన చేతులు: అదీ పద్ధతి. నిర్లక్ష్యంగా కనిపించే ఈ వేషంలో గట్టి పొదుపు లెక్క ఉంది. టీషర్టు నాలుగో రోజుదైనా పైచొక్కా సగం కప్పేస్తుంది. పైచొక్కాకు ఇస్త్రీ లేకపోయినా విప్పి వదిలేశాడు కాబట్టి ముడతలన్నీ స్టైల్ ఖాతాలో జమవుతాయి. జీన్స్‌కు ఉతుకు నెలకొకసారి. నలిగితే పరుపు కింద పరిచి పడుకుంటారు. మెడలోని ఐడీ కార్డు గేటు దగ్గర బయటికొచ్చి, గేటు దాటగానే జేబులోకి పోతుంది.

ప్రస్తుత చొక్కా కోఠి సుల్తాన్ బజారులో బేరమాడి కొన్న ఎర్రగళ్లది. కాలరు లోపలి మడత నల్లబడింది. ఊడిన మూడో గుండీని ఎర్రదారం దొరక్క నీలం దారంతో కుట్టారు. కుట్టినవాడు కొన్నవాడూ కాదు, తొడుక్కునేవాడూ కాదు, ఎదురుగదిలో ఉండే మరొకడు. ఫ్రెషర్స్ డే ఫొటోల్లో ఇది ఒకడి ఒంటిమీద ఉంది, సంక్రాంతి సెలవులకు ముందు దిగిన సెల్ఫీలో ఇంకొకడి ఒంటిమీద. ఈ విద్యార్థికి తనదైన స్టైల్ అంటూ ఉందా అని అడిగితే, టీకాకారుడి లెక్కలో లేదు. ఆ అంతస్తుకంతా కలిపి ఒకటుంది, రోజుకొకరి వంతు. గడ్డం ఒక్కటే అరువు దొరకనిది. 2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చాక అది కుర్రాళ్లకు అర్హతాపత్రం అయి కూర్చుంది. రానివాళ్లు నూనెలు రాసుకుంటున్నారు. తాతలు 1970లలో బెల్‌బాటమ్ ప్యాంట్లతో రోడ్లు ఊడ్చినవారే కనుక ఇంట్లో అభ్యంతరం వచ్చినా నిలవదు.

అమ్మాయిల హాస్టల్ ప్రతిలో చొక్కాకు బదులు చున్నీ అని పాఠాంతరం. అక్కడ పొద్దున లేవడం కంటే సాయంత్రం గేటు మూసే వేళ పెద్ద చిక్కు. అబ్బాయిల గేటు కంటే అది ముందే ఎందుకు మూతపడుతుందో నోటీసు బోర్డు చెప్పదు.

ప్రాక్సీ వెయ్ = నా బదులు హాజరు పలుకు. దీని అవసరం తెలియాలంటే నిబంధన తెలియాలి. సెమిస్టర్‌లో మొత్తం మీద 75 శాతం హాజరుండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే సరైన కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు పొందవచ్చు. దీన్ని కాండొనేషన్ అంటారు. 65 కన్నా తగ్గితే డిటెన్షన్, అంటే మరుసటి ఏడు అదే సెమిస్టర్ జూనియర్ల పక్కన కూర్చుని చదవడం. మూలంలో కనిపించకపోయినా ఈ రెండు అంకెలూ ప్రతి వాక్యం వెనకా ఉన్నాయి.

ప్రాక్సీకి వీలు కల్పించింది హాల్‌టికెట్ నంబరే. దానిలో పది అక్షరాంకాలుంటాయి: చేరిన ఏడాదికి రెండు, కాలేజీకి రెండు, రెగ్యులర్ విద్యార్థికి ‘1ఏ’ (ఈసెట్ రాసి డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదిలో చేరినవారికి ‘5ఏ’), బ్రాంచికి రెండు, చివర వరుస సంఖ్య. బ్రాంచి సంఖ్య 05 అయితే కంప్యూటర్ సైన్స్, 04 అయితే ఈసీఈ. వరుస సంఖ్య 99 దాటాక ‘ఏ0’ అవుతుంది కనుక ‘ఏ7’ అంటే నూట ఏడోవాడు. క్లాసులో లెక్చరర్ పేరు పిలవడు, ఈ చివరి రెండే చదువుతాడు. తల్లిదండ్రులు జాతకం చూపించి పెట్టిన పేరు అలా ‘ఏ7’ దగ్గర తేలుతుంది. ‘ఏ7’కు ముఖం లేదు, ఎవరు పలికినా చెల్లుతుంది.

దూత తన నంబరుకు మామూలు గొంతుతో పలికి, మిత్రుడి నంబరు వచ్చేసరికి వెనక బెంచీలో తల వంచి, గొంతు బొంగురు చేసి “ప్రెజెంట్ సార్” అనాలి. రెండు నంబర్ల మధ్య దూరం ఎంత ఎక్కువైతే పని అంత సులువు. లెక్చరర్ కూడా ఒకప్పుడు వెనక బెంచీవాడే అయితే పిలవడం ఆపి తలలు లెక్కపెడతాడు. వేలిముద్ర, ముఖం గుర్తించే యంత్రాలు పెట్టిన కాలేజీల్లో ఈ విద్య అంతరించిపోతోంది.

రికార్డు తే = భౌతికశాస్త్రం ల్యాబ్ రికార్డు తీసుకురా. ఎవరి రికార్డు అన్నది చెప్పలేదు. చూసి రాయడానికి పనికొచ్చేది ఏదైనా సరే. న్యూటన్ వలయాల ప్రయోగంలో సోడియం దీపపు కాంతి తరంగదైర్ఘ్యం కొలవాలి. సోడియం పసుపు గీతలు రెండు, 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, సగటు 5893. సూక్ష్మదర్శినిలో వలయాలు సరిగ్గా కనబడనివాడి రికార్డులోనూ జవాబు ఆ సగటు పక్కనే వాలుతుంది. ముందు జవాబు, దాన్నుంచి వెనక్కి వలయాల వ్యాసాలు: రాసే క్రమమది. మరీ కచ్చితంగా వస్తే అనుమానమొస్తుందని మూడు నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌లు అటూ ఇటూ జరపడం సీనియర్ల ఉపదేశం.

చాయ్ నాది = చాయ్ డబ్బులు నేనిస్తాను. తెలుగులో క్రియ లేకుండా వాక్యం నిలుస్తుంది. క్రియ లేదు కనుక కాలమూ లేదు. ఏ రోజు చాయ్ అన్నది తేలదు, బాకీ తీరదు. కొట్టు దగ్గర ‘ఫోన్‌పే కొట్టు మామా, సర్వర్ డౌన్ ఉంది’ అనేది దీనికి అనుబంధ వాక్యం.

ఛందస్సు: గణాలు కుదరవు. యతిస్థానాల్లో ఫుల్‌స్టాపులున్నాయి.

తాత్పర్యం: ఓ మిత్రమా! నేనింకను శయ్యను వీడనైతిని. నీవలన గైకొని మరల నొసగని గడుల యంగీని ధరించి వచ్చెదను. ప్రథమ హోరయందు నా సంఖ్యను బిలిచినప్పుడు నీవే బదులు పలుకుము. ప్రయోగ పుస్తకమును గొనిరమ్ము. తేనీటి వెలను నేనే చెల్లించెదనని భావము.

ప్రత్యుత్తరం: ఇది 9.41కి వచ్చింది. “నేనూ లేవలే మామా.” పై టీకయే దీనికిని చెల్లును.