‘సరిచూచుకొని’: ఒక సర్క్యులర్‌కు టీకా తాత్పర్యం

మూలం: ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, కొత్తగా సమకూర్చిన ఏఐ సహాయకుని వినియోగించి, వచ్చిన జవాబును సరిచూచుకొని, ఉత్తరప్రత్యుత్తరములను త్వరితగతిని పూర్తిచేయవలెను.

అవతారిక: 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చాక, కాస్త వెనకాముందుగా అనేక ఆఫీసుల్లో ఈ గ్రంథం అవతరించింది. కర్త అజ్ఞాతుడు. కింద సంతకం ఉన్నా ఆ శైలి సంతకందారుది కాదనీ, సహాయకుడి చేతే రాయించారనీ కొందరి మతం; ఖండించడానికి ఆధారం దొరకలేదు. విషయం ఏఐ, ప్రయోజనం కాలం ఆదా. అధికారి అంటే ఇక్కడ చదవడానికి అర్హుడని అర్థం. ఆఫీసరుకు ఈ గ్రంథం వర్తిస్తుందని ఎక్కడా లేదు. గ్రంథంతోపాటు ఒక పూట శిక్షణ, స్లైడ్లు, సమోసా, టీ పరిశిష్టాలుగా లభిస్తాయి.

ప్రతిపదార్థం: యావన్మందికీ = జూనియర్ అసిస్టెంటు మొదలు సూపరింటెండెంటు దాకా; కొత్తగా సమకూర్చిన = లైసెన్సు సొమ్ము కట్టేసిన, అందుచేత వాడక తప్పని; సహాయకుని = జీతమూ సెలవూ సంతకమూ లేనివానిని; వినియోగించి = అడిగి; త్వరితగతిని = నిన్నటికల్లా; పూర్తిచేయవలెను = లేనిచో మెమో వచ్చును. ‘సరిచూచుకొని’ని కావాలనే వదిలాను. మిగతా వ్యాఖ్య అంతా దాని గురించే.

అన్వయం: వ్యాకరణాన్ని బట్టి ఇక్కడ సమాపక క్రియ ‘పూర్తిచేయవలెను’. ‘సరిచూచుకొని’ క్త్వార్థకం, ప్రధాన క్రియకు దారిలో తగిలే మజిలీ. శిక్షణ కూడా ఈ అన్వయాన్నే అనుసరిస్తుంది: ప్రశ్న ఎలా వేయాలన్న దానికి పూటంతా, జవాబు ఎలా చూడాలన్న దానికి ఆఖరి స్లైడూ. పనిలో మాత్రం ఈ వరస తిరగబడుతుంది. డ్రాఫ్టు క్షణాల్లో తయారైపోతే మనిషికి మిగిలేది చూడడమే. నిన్నటిదాకా డ్రాఫ్టు పుటప్ చేసిన గుమస్తా ఇవాళ డ్రాఫ్టు దిద్దేవాడయ్యాడు, ప్రమోషన్ లేకుండానే. రాయడం అతనికి ఏళ్ల తరబడి నేర్పారు; దిద్దడం ఎవరూ నేర్పలేదు, అందుకు వేళా కేటాయించలేదు. అర్థాన్ని బట్టి ఈ వాక్యంలో ప్రధాన క్రియ ‘సరిచూచుకొని’ అన్నదే నా అన్వయం.

దీనికి ప్రమాణం న్యాయశాస్త్రంలోనే ఉంది. పదాల మధ్య ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉంటే వాక్యం అవుతుంది. ఆ వాక్యం ప్రమాణం కావాలంటే మాత్రం చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి, అంటే ఉన్నదున్నట్టు ఎరిగి చెప్పేవాడై ఉండాలి. ఏఐ సహాయకుడు ముందు మాటల్ని బట్టి తర్వాత రాదగిన మాటను అంచనా కడుతూ పోతాడు. అందుకే అతని వాక్యాల్లో ఆకాంక్షాదులకు లోటుండదు; మన నోట్ ఫైళ్లలో చాలావాటికి అంత అన్వయశుద్ధి లేదని ఒప్పుకోవాలి. ఆ శుద్ధి చూసే ఆప్తుడనుకుంటాం. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య మొదలుపెడుతూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాటిచ్చాడు. మన సహాయకుడు ఆ రెండు మాటల్లో ఏదీ ఇవ్వలేదు. ఇచ్చాడని మనమే అనుకుంటున్నాం.

శంక: అనుమానం వస్తే ‘ఇది నిజమేనా?’ అని అతన్నే అడగవచ్చు కదా? సమాధానం: న్యూయార్కులో ఒక లాయరు అడిగాడు. ఏవియాంకా విమానసంస్థ మీద వేసిన దావాలో చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉదహరించి, అవి నిజమైనవేనా అని దాన్నే అడిగితే నిజమైనవేనంది. అసలు అలాంటి తీర్పులే లేవు. 2023 జూన్‌లో ఫెడరల్ కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది, లాయర్లకూ వాళ్ల సంస్థకూ, చాట్‌జీపీటీకి కాదు. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ముందు ఎయిర్ కెనడా ఇంకో అడుగు ముందుకేసి, తన వెబ్‌సైట్ చాట్‌బాట్ చెప్పినదానికి చాట్‌బాటే బాధ్యురాలన్న ధోరణిలో వాదించింది. ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు, ప్రయాణికుడికి పరిహారం ఇప్పించింది.

శంక: ఇంత భయపెడితే లాభం సంగతేమిటి? ఐదువేల మందికి పైగా కస్టమర్ సపోర్టు సిబ్బంది మీద జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో పని సగటున 14 శాతం, కొత్తవాళ్లకైతే 34 శాతం పెరిగిందిగా? సమాధానం: పెరిగింది, కాదనను. అక్కడి సహాయకుడు ఆరితేరినవాళ్ల సంభాషణలు చూసి నేర్చి, అదే రకం ప్రశ్నలకు సలహా ఇచ్చాడు. తప్పయితే అవతలి కస్టమరు అప్పుడే అడ్డుపడతాడు. అదే ఏడు బీసీజీ అనే కన్సల్టింగ్ సంస్థలోని 758 మంది కన్సల్టెంట్ల మీద చేసిన ప్రయోగంలో, ఏఐకి పట్టుబడే పనులు వేగంగా, మెరుగ్గా సాగాయి. దానికి అందని పనిలో మాత్రం ఏఐ వాడినవాళ్లు సరైన జవాబు చేరే అవకాశం, వాడనివాళ్లకంటే 19 శాతం పాయింట్లు తగ్గింది. ఏ పని గట్టుకు ఇవతలో, ఏది అవతలో ఫైలు మీద రాసి ఉండదు. అది కనిపెట్టడమే సరిచూడడం.

శంక: అన్నీ సరిచూడాల్సివస్తే మనమే రాసుకోవడం నయం కదా? ఈ శంక గట్టిది. సమాధానం: అన్నిటినీ ఒకేలా చూడనక్కర్లేదు. మర్యాదవాక్యాన్ని ఓసారి చదివితే చాలు. జీవో నంబరు, తేదీ, మొత్తం, పేరు, రూలు, వీటిని మాత్రం అసలు కాగితం తీసి చూడాలి. ఆ కాగితం ఎదురుగా ఉంటే చూడడం రాయడంకంటే తేలికే. లేకపోతే ఆ ప్రశ్న అతన్ని అడగకూడదు. శిక్షణలో మొదటి గంట చెప్పాల్సింది ఇదే. తప్పులు దాచిన డ్రాఫ్టు ఒకటి సిబ్బంది ముందు పడేసి పట్టుకోమంటే స్లైడ్లకంటే ఎక్కువ నేర్పుతుంది.

అధ్యాహారం: ‘గోప్యత’ మూలంలో లేదు, తెచ్చుకోవాలి. శాంసంగ్ ఇంజనీర్లు సోర్స్ కోడ్ చాట్‌జీపీటీలో పెట్టాక ఆ సంస్థ 2023లో అలాంటి సాధనాలను నిషేధించింది. మన కేంద్ర ఆర్థికశాఖ కూడా 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో వాటిని వాడవద్దంది.

పాఠాంతరం: ‘ఏఐ సహాయకుని వినియోగించి, త్వరితగతిని డ్రాఫ్టు తయారుచేసి, అసలు కాగితముతో సరిచూడవలెను’ అన్నది నేను ప్రతిపాదించే పాఠం. 2025 జూలైలో కేరళ హైకోర్టు జిల్లా కోర్టులకు ఇచ్చిన విధానం దీనికి దగ్గర: తీర్పు చెప్పడానికి ఏఐ వాడరాదనీ, వాడిన ప్రతిసారీ ఏ సాధనమో, మనిషి ఎలా సరిచూశాడో నమోదు చేయాలనీ అంది. మన మూలకారుడు ఈ పాఠాన్ని ఆమోదించేలోగా ఒక చిక్కు తీర్చాలి: సరిచూడడానికి పట్టిన వేళను నెలవారీ ప్రగతి నివేదికలో ఏ కాలమ్‌లో రాయాలి? ఇప్పుడున్న నమూనాలో ‘ఆదా అయిన గంటలు’ అనే కాలమ్ ఒక్కటే ఉంది.