హరిత సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: నాటవలెను; నూటికి ఎనభై ఐదు బ్రతుకవలెను; లేనిచో పదవి తొలగును.

అవతారిక: గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు పండితులను పోషించిన సీమలో పద్యానికి దక్కిన టీకాభాగ్యం శాసనానికి దక్కకపోవడం లోటు కనుక, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమూ 2019 నాటి పురపాలక చట్టమూ మొక్కల విషయంలో స్థానిక సంస్థలకు పెట్టిన కట్టడిని పై సూత్రంగా కుదించి ఇక్కడ వ్యాఖ్యానించడమైనది.

ప్రతిపదార్థం: నాటవలెను = 2015లో ఆరంభమై, రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచదలచిన హరితహారం కింద ఊరూరా నర్సరీ పెంచి, పట్టణమైతే బడ్జెట్‌లో పదోవంతును గ్రీన్ బడ్జెట్‌గా, అనగా పచ్చదనానికే వెచ్చించే సొమ్ముగా, కేటాయించి మొక్కలు పెట్టవలెనని భావం. బ్రతుకవలెను = ఇక్కడ వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. ఆకులన్నీ రాలినా, గోటితో గీరితే బెరడు కింద పచ్చ కనబడితే చాలునని పూర్వపక్షం. ఎండినదాన్ని పీకి అదే గుంతలో కొత్తది పెట్టడాన్ని గ్యాప్ ఫిల్లింగ్ అంటారు కనుక, మూడేళ్లలో మూడు మొక్కలు మారిన చోట బ్రతికినది గుంత మాత్రమేనని సిద్ధాంతం.

విశేషం: సూత్రం బ్రతుకును లెక్కించమన్నదే గాని ఏ జాతి బ్రతుకో నియమించలేదు. రాష్ట్రంలో వాన తక్కువ పడే నడిగడ్డలో, అనగా కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతంలో, వేసవంతా ట్యాంకరుతో నీళ్లు పోసినా ఇప్ప వంటివి నిదానంగానే ఎదుగుతాయి. తొందరగా పచ్చబడే పరదేశపు కోనోకార్పస్ మాత్రం ఎన్నో పట్టణాల రోడ్ల నడుమ బారులు తీరి శాతాన్ని కాపాడింది, పిమ్మట దానినే వద్దన్నారు. ఇక నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నల్లమల అడవిని ఎవరూ గుంతలు తీసి నాటలేదు గనుక, అందులో ఎంత బ్రతికినా ఈ సూత్రం ప్రకారం ఏ సర్పంచి ఖాతాలోనూ జమ కాదు.

తాత్పర్యం: మొక్క చస్తే పాలకునికి పదవీగండమని స్పష్టమే. అయితే మీమాంసకులు విధికి బలం చేకూర్చడానికి పలికే స్తుతినో నిందనో అర్థవాదమంటారు కనుక, ‘లేనిచో’ అన్న మూడో ఖండం బెదిరింపుగా చెప్పిన అర్థవాదమే తప్ప అమలుకు ఉద్దేశించినది కాదని ఒక మతం ఉన్నది. ఈ మతం సర్పంచులకూ కౌన్సిలర్లకూ ప్రియమైనది. మెమోలు అందుకునే పంచాయతీ కార్యదర్శులు మాత్రం దీన్ని అంగీకరించరు.